మెష్ శాంపిల్ ఏది ఎంచుకోవాలి? మూడు బోర్డులు పెట్టుకుని చూస్తే తెలిసేవి

చిన్న రేడియో బోర్డులు ఒకదాని మాట ఒకటి చేరవేసుకునే నెట్‌వర్క్‌ని మెష్ అంటారు. దాని కోసం చిప్ కంపెనీలు ఇచ్చే నమూనా ప్రోగ్రామ్‌ను, అంటే శాంపిల్‌ను, రెండు బోర్డుల్లోకి ఎక్కిస్తాం. ఒకదాని మీద బటన్ నొక్కగానే రెండోదాని మీద ఎల్‌ఈడీ వెలుగుతుంది. సంతోషమే, కానీ అక్కడ మనం పరీక్షించింది మెష్‌ని కాదు. పక్కపక్కనే ఉన్న రెండు రేడియోలు ఒకదాని మాట ఒకటి విన్నాయి, అంతే. నడుమ ఉన్న బోర్డు ఇవతలి మాట అందుకుని అవతలికి చేరవేసినప్పుడే మెష్ మొదలవుతుంది. అందుకే ఏ ప్రోటోకాల్ వైపు మొగ్గినా సరే, బోర్డులు మాత్రం మూడు తీసుకోండి. నాలుగోది ఉంటే గాలిలో తిరిగే సందేశాలను చాటుగా వినే స్నిఫర్‌గా పనికొస్తుంది.

ఏ శాంపిల్‌తో మొదలుపెట్టాలన్నది అసలు చిక్కు. చాలామంది స్పీడ్, దూరం, నోడ్ల (నెట్‌వర్క్‌లోని బోర్డుల) సంఖ్య ఉన్న పట్టికలు ముందేసుకుని కూర్చుంటారు. నా లెక్క వేరు. పని చెడినప్పుడు ఎక్కడ చెడిందో ఏ శాంపిల్ నోరు తెరిచి చెబుతుందో, ముందు దాన్ని పట్టుకోవాలి. మెష్‌లో పది రకాలుగా తప్పు జరగొచ్చు. బయటికి కనిపించేది మాత్రం ఒకటే, లైట్ వెలగదు. కారణం తాళంచెవిలో ఉందా, చిరునామాలో ఉందా, రేడియోలో ఉందా అన్నది ఆ ఆరిపోయిన ఎల్‌ఈడీ చెప్పదు.

థ్రెడ్: అడిగితే చెబుతుంది

ఈ కొలబద్దతో చూస్తే నేను ముందు పెట్టేది ఓపెన్‌థ్రెడ్ సీఎల్ఐ (ఆజ్ఞలు టైప్ చేసి నడిపే) శాంపిల్‌ని. థ్రెడ్ అంటే ఐఈఈఈ 802.15.4 అనే తక్కువ కరెంటు రేడియో ప్రమాణం మీద, ఇంటర్నెట్ తరహా ఐపీవీ6 చిరునామాలతో నడిచే మెష్. వేగం సెకనుకు 250 కిలోబిట్లు, ఒక్కో ఫ్రేము (గాలిలో ఒకసారి పంపే ముక్క) గరిష్ఠంగా 127 బైట్లు. దాన్ని నడిపే ఓపెన్‌థ్రెడ్ సోర్స్ కోడ్ 2016లో బయటికి వచ్చింది. సీఎల్ఐ శాంపిల్‌లో మెరిసే లైట్లేమీ ఉండవు. సీరియల్ టెర్మినల్ తెరిస్తే ఒక ప్రాంప్ట్ కనిపిస్తుంది, మనం అడిగిన దానికి జవాబిస్తుంది. చూడటానికి బోసిగా ఉన్నా పరీక్షలకు కావాల్సింది సరిగ్గా ఇదే.

మొదటి బోర్డులో నాలుగు ఆజ్ఞలు చాలు: ‘డేటాసెట్ ఇనిట్ న్యూ’, ‘డేటాసెట్ కమిట్ యాక్టివ్’, ‘ఐఎఫ్‌కాన్ఫిగ్ అప్’, ‘థ్రెడ్ స్టార్ట్’. కాసేపాగి ‘స్టేట్’ అని అడిగితే ‘లీడర్’ అంటుంది, అంటే ఆ నెట్‌వర్క్‌కి పెద్ద. ఇప్పుడు మొదటి బోర్డు డేటాసెట్‌ను (నెట్‌వర్క్ తాళం, ఛానెల్ లాంటి వివరాలను) హెక్స్ రూపంలో తీసుకుని రెండో బోర్డులో అతికించి, దాన్నీ స్టార్ట్ చేయండి. దాని స్టేట్ ‘చైల్డ్’ అని వస్తుంది. కొత్తవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. మాట చేరవేసే రూటర్ కావాల్సింది, రూటర్ మీద ఆధారపడే చైల్డ్ అయిందేమిటని మళ్లీ ఫ్లాష్ చేయడం మొదలుపెడతారు. అక్కర్లేదు. రూటర్ పదవికి అర్హత ఉన్న నోడ్ కూడా ముందు చైల్డ్‌గానే చేరుతుంది. ఆ తర్వాత 120 సెకన్ల లోపు ఏదో ఒక క్షణాన రూటర్‌గా మారుతుంది. అన్ని బోర్డులూ ఒకేసారి పదవికి ఎగబడకుండా పెట్టిన ఏర్పాటిది. రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి.

ఇంకో చిన్న మెలిక. నార్డిక్ కంపెనీ ఇచ్చే జెఫిర్ (చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్) ఆధారిత ఎస్‌డీకేలో (ప్రోగ్రామింగ్ సామగ్రిలో) ఈ ఆజ్ఞలన్నిటికీ ముందు ‘ఓటీ’ అని చేర్చాలి. ఓపెన్‌థ్రెడ్ పాఠంలో చూసింది ఉన్నదున్నట్టు టైప్ చేస్తే అలాంటి ఆజ్ఞ లేదంటుంది. బోర్డు పాడైపోలేదు, ముందు ఆ రెండక్షరాలు తగిలించండి.

థ్రెడ్‌ని నేను వెనకేసుకు రావడానికి పెద్ద కారణం ‘మ్యాక్‌ఫిల్టర్’. మూడు బోర్డులూ ఒకే టేబుల్ మీద ఉన్నా సరే, మొదటిదీ మూడోదీ ఒకదానికొకటి వినబడనట్టు చేయొచ్చు. ప్రతి బోర్డులో ‘ఎక్స్‌ట్‌ఏడీడీఆర్’ అడిగి దాని పొడవాటి చిరునామా రాసుకోండి. మొదటి బోర్డు అనుమతి జాబితాలో రెండోదాని చిరునామా ఒక్కటే పెట్టండి. మూడో బోర్డులోనూ అంతే. రెండోదానికి ఏ ఆంక్షా వద్దు. ఇదంతా థ్రెడ్ స్టార్ట్ చేయకముందే ముగించాలి. ఇప్పుడు మొదటి బోర్డు నుంచి మూడోదానికి పింగ్ చేస్తే (‘ఉన్నావా’ అని పిలిస్తే) జవాబు రెండోదాని మీదుగా వస్తుంది. రెండోదాని కేబుల్ పీకేయండి, పింగ్ ఆగిపోతుంది. మెష్ నడిచిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. బోర్డు రీసెట్ చేస్తే ఈ జాబితా పోతుందని మాత్రం గుర్తుంచుకోండి, లేకపోతే మరునాడు మొదటి బోర్డు నేరుగా మూడోదానితో మాట్లాడుతుంటే బుర్ర గోక్కోవాలి.

పింగ్ సైజు 1000 బైట్లకు పెంచి కూడా చూడండి. 127 బైట్ల ఫ్రేముల్లో అది ముక్కలు ముక్కలుగా వెళ్లాలి కాబట్టి, చిన్న పింగ్‌లో కనిపించని నష్టం ఇక్కడ బయటపడుతుంది. ఫలితాలు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే ఛానెల్ మార్చండి. 802.15.4కి 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 నుంచి 26 దాకా ఛానెళ్లున్నాయి. పక్కన వై-ఫై గట్టిగా నడుస్తుంటే మధ్య ఛానెళ్లు నలిగిపోతాయి, 25 కొంత ప్రశాంతంగా ఉంటుంది.

లీడర్‌ని చంపి చూడటం మరో మంచి పరీక్ష. లీడర్ బోర్డుకు కరెంటు తీసేస్తే మిగతావి వెంటనే కొత్త లీడర్‌ని ఎన్నుకోవు. 120 సెకన్లు దాని జాడ లేకపోతేనే ఆ పనికి దిగుతాయి. అర నిమిషం చూసి ‘ఫెయిల్’ అని రాసుకున్న రిపోర్టులు నేను చూశాను.

బ్లూటూత్ మెష్: ఫోన్‌తో సులువు, లోపల మాత్రం మెలికలు

థ్రెడ్‌లో ప్యాకెట్‌కి దారి వెతికి పంపుతారు. బ్లూటూత్ మెష్ పద్ధతి దండోరా. ఒకరు అరుస్తారు, విన్న రిలే నోడ్లు మళ్లీ అరుస్తాయి. ఒకే మాట రెండుసార్లు మోయకుండా ప్రతి నోడ్ ఇటీవల విన్నవాటిని గుర్తుపెట్టుకుంటుంది. ఒక మాట ఎన్ని చేతులు మారొచ్చో టీటీఎల్ అనే అంకె చెబుతుంది. మొదటి ప్రమాణం 2017లో, 1.1 వెర్షన్ 2023లో వచ్చాయి. కావాల్సిన దారినే మాట పంపే డైరెక్టెడ్ ఫార్వర్డింగ్ ఈ కొత్త వెర్షన్‌లో చేరింది. అయినా చేతిలో ఉన్న శాంపిల్‌లో అది ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి.

నార్డిక్ ఎస్‌డీకేలో లైట్, లైట్ స్విచ్, చాట్ అనే శాంపిళ్లున్నాయి. ఎన్‌ఆర్‌ఎఫ్52840 డీకే (డెవలప్‌మెంట్ కిట్) బోర్డు మీద 4 ఎల్‌ఈడీలు, 4 బటన్లు ఉంటాయి కాబట్టి లైట్, స్విచ్ జంట దానికి సరిగ్గా సరిపోతుంది. ప్రొవిజనింగ్‌కి, అంటే బోర్డుని నెట్‌వర్క్‌లో చేర్చుకోవడానికి, ఫోన్‌లో యాప్ చాలు. వేరే నెట్‌వర్క్‌తో కలిపే గేట్‌వే, బోర్డర్ రూటర్ లాంటివి అక్కర్లేదు. ఎవరికైనా చూపించాలంటే దీనికి మించింది లేదు.

కానీ ప్రొవిజనింగ్ అయిపోగానే లైట్ వెలుగుతుందనుకోవద్దు. ఇక్కడ తాళాలు రెండంచెల్లో ఉంటాయి. నెట్‌వర్క్ కీ ఉంటే మాట మోయొచ్చు. అప్లికేషన్ కీ ఉంటేనే దాన్ని విప్పి చదవొచ్చు. ఆ అప్లికేషన్ కీని ప్రతి మోడల్‌కీ (బోర్డులోని స్విచ్, లైట్ లాంటి ఒక్కో పనికీ) విడిగా బైండ్ చేయాలి (జత కట్టాలి). తర్వాత స్విచ్ వైపు పబ్లికేషన్ చిరునామా (ఎక్కడికి పంపాలో), లైట్ వైపు సబ్‌స్క్రిప్షన్ (ఏ చిరునామాకి వచ్చింది వినాలో) చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరిచినా బటన్ నొక్కితే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. ఈ మౌనమే నాకు నచ్చదు.

దీని వల్ల నాకు ఒకసారి అరపూట పోయింది. చిరునామా, కీలు కోడ్‌లోనే రాసేసి, ఫోన్ లేకుండా తమను తామే ప్రొవిజన్ చేసుకునే శాంపిల్ ఒకటి వాడుతున్నాను. ఏదో సెట్టింగ్ మార్చి, ఒక బోర్డు ఫ్లాష్ మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించాను. ఆ తర్వాత ఆ బోర్డుకి మిగతావాళ్ల మాటలన్నీ అందుతున్నాయి, దాని మాట మాత్రం ఎవరూ వినడం లేదు. యాంటెన్నా పోయిందేమో అనుకున్నాను. బోర్డు మార్చి చూస్తే అదీ అంతే. సంగతేమిటంటే ప్రతి సందేశానికీ ఒక వరుస సంఖ్య ఉంటుంది. పాత సందేశాన్ని దొంగిలించి మళ్లీ వినిపించేవాళ్లను ఆపడానికి, ప్రతి నోడ్ ఒక్కో చిరునామా నుంచి చివరగా విన్న సంఖ్యను దాచుకుంటుంది. అంతకంటే చిన్న సంఖ్యతో వచ్చినదాన్ని పారేస్తుంది. నేను చెరిపేసిన బోర్డు అదే చిరునామాతో మళ్లీ 0 నుంచి లెక్క మొదలుపెట్టింది. మిగతా బోర్డుల కంటికి అది దొంగ. అప్పటి నుంచి నా నియమం ఒకటే: ఒకదాన్ని చెరిపితే అన్నిటినీ చెరపాలి. ఫోన్ యాప్‌తో ప్రొవిజన్ చేస్తే మామూలుగా కొత్త చిరునామా ఇస్తుంది కాబట్టి ఈ బాధ తప్పుతుంది. యాప్ జాబితాలో మిగిలిన పాత నోడ్‌ని మాత్రం మనమే తీసేయాలి.

ఇక్కడ మ్యాక్‌ఫిల్టర్ లాంటి సౌకర్యం శాంపిల్‌లో చేతికి రాదు. దాని బదులు నేను చేసే పని, సందేశం అందుకునే ఫంక్షన్‌లో ‘రిసీవ్ టీటీఎల్’ విలువను లాగ్‌లోకి ప్రింట్ చేయించడం. జెఫిర్‌లో అది సందేశంతో పాటే చేతికి వస్తుంది, ఒక్క లైన్ పని. పంపినవాడు 7తో పంపితే, 7గా అందింది నేరుగా వచ్చినట్టు, 6గా అందింది ఒక రిలే మీదుగా వచ్చినట్టు. టేబుల్ మీద ఎప్పుడూ 7 కనిపిస్తుంది. ఒక బోర్డుని పట్టుకుని రెండు గోడల అవతలికి నడిచి వెళ్తుంటే ఒకచోట అది 6 అవుతుంది. ఆ అంకె మారిన చోటు నేరుగా అందే దూరానికి హద్దు. ప్రాజెక్టుకి కావాల్సిన కొలత అదే.

దూరం నడిచే ఓపిక లేకపోతే ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించండి. ఎన్‌ఆర్‌ఎఫ్52840లో మైనస్ 20 డీబీఎం దాకా, ఇంకా కావాలంటే మైనస్ 40 దాకా దిగొచ్చు. మూత బిగించిన స్టీలు డబ్బాలో బోర్డు పెట్టడం కూడా పనిచేస్తుంది కానీ, యూఎస్‌బీ కేబుల్ బయటికి వస్తే ఆ కేబులే యాంటెన్నా అయి కూర్చుంటుంది. డబ్బాలోకి బ్యాటరీని కూడా పంపాలి.

సందేశం సైజు విషయంలో బ్లూటూత్ మెష్ పిసినారి. ఆప్‌కోడ్‌తో (ఏ పనో చెప్పే సంకేతంతో) కలిపి 11 బైట్లు దాటితే సందేశాన్ని ముక్కలు చేస్తుంది. లైట్ వెయ్యి, ఆపు, సెన్సర్ రీడింగ్ పంపు అంటే హాయిగా సరిపోతుంది. లాగ్ ఫైలు పంపాలంటే ఇది దారి కాదు.

వై-ఫై మెష్, జిగ్‌బీ

ఎస్ప్రెసిఫ్ కంపెనీ ఈఎస్‌పీ32 బోర్డులు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు ముందు చూసేది ఈఎస్‌పీ-వై-ఫై-మెష్. పేరు మెష్ అయినా ఆకారం చెట్టు: ఇంటి వై-ఫై రూటర్‌కి తగులుకునే రూట్ నోడ్ ఒకటి, దాని కింద పొరలు. ఒక్కో ప్యాకెట్‌లో 1472 బైట్ల దాకా పెట్టొచ్చు కాబట్టి పెద్ద డేటాకి ఇదే గతి. ఎస్ప్రెసిఫ్ ఎస్‌డీకే అయిన ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో ‘ఇంటర్నల్ కమ్యూనికేషన్’ శాంపిల్‌తో మొదలుపెట్టండి. మెనూకాన్ఫిగ్‌ అనే సెట్టింగుల తెరలో రూటర్ పేరు, పాస్‌వర్డ్, ఛానెల్ ఇస్తే చాలు, బోర్డులు తలా ఒక పొర వెతుక్కుని కూర్చుంటాయి.

మూడు బోర్డులూ దగ్గరగా ఉంటే ఒకటి రూట్ అయి, మిగతా రెండూ దాని కిందే చేరతాయి. మూడో పొర రాదు. దానికో చిట్కా ఉంది. అదే మెనూకాన్ఫిగ్‌లో ఒక నోడ్ కింద ఎన్ని నోడ్లు తగులుకోవచ్చో చెప్పే అంకె మామూలుగా 6 ఉంటుంది. దాన్ని 1 చేయండి. ఇక గొలుసు కట్టక తప్పదు: రూట్, దాని కింద ఒకటి, దాని కింద ఇంకొకటి. లాగ్‌లో పొర సంఖ్య 3 కనిపిస్తుంది. నడిమిదాన్ని పీకి, మూడోది కొత్త తల్లిని వెతుక్కోవడానికి ఎంతసేపు తీసుకుంటుందో గడియారం పట్టుకుని చూడండి.

మామూలుగా ఈ పద్ధతిలో ఐపీ ఉండేది రూట్‌కే, మిగతావి మెష్ ప్యాకెట్లే పంపుకుంటాయి. ప్రతి నోడ్‌కీ ఐపీ కావాలంటే ‘ఐపీ ఇంటర్నల్ నెట్‌వర్క్’ శాంపిల్ గానీ, ఈఎస్‌పీ-మెష్-లైట్ గానీ చూడాలి. ఆర్డుయినో అలవాటున్నవాళ్లు పెయిన్‌లెస్‌మెష్ వైపు వెళ్తారు. సాయంత్రానికల్లా జేసన్ సందేశాలు అటూ ఇటూ తిరుగుతాయి. ఉత్పత్తిగా బయటికి వెళ్లే వస్తువుకి మాత్రం నేనైతే వాడను.

వై-ఫై మెష్‌కి ఒప్పుకోవాల్సిన కష్టం కరెంటు. రేడియో పంపేటప్పుడు వందల మిల్లీఆంప్‌లు లాగుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్52840 రేడియో 0 డీబీఎం దగ్గర లాగేది 5 మిల్లీఆంప్‌ల దరిదాపుల్లో. అలాగని థ్రెడ్, బ్లూటూత్ మెష్‌లు బటన్ సెల్ మీద ఏళ్ల తరబడి నడుస్తాయని మోసపోవద్దు. రిలే నోడ్, రూటర్ ఎప్పుడూ చెవి ఒగ్గి ఉండాల్సిందే. వినడానికే 5 మిల్లీఆంప్‌లు అనుకుంటే, 220 మిల్లీఆంప్-అవర్ సెల్ కాగితం లెక్క ప్రకారమే 44 గంటలు. ఏళ్ల తరబడి నడిచేవి చివర నిద్రపోయే నోడ్లు మాత్రమే: థ్రెడ్‌లో స్లీపీ ఎండ్ డివైస్, బ్లూటూత్ మెష్‌లో ఫ్రెండ్ నోడ్ మీద ఆధారపడే లో పవర్ నోడ్. మీ పరీక్ష బ్యాటరీ గురించైతే శాంపిల్‌లో ఆ పాత్ర ఉందో లేదో ముందు చూసుకోండి.

జిగ్‌బీ గురించి చెప్పేది తక్కువే. అదీ 802.15.4 రేడియోనే. మామూలుగా నెట్‌వర్క్‌ని మొదలుపెట్టడానికి కోఆర్డినేటర్ అనే నోడ్ ఉండాలి. ఎస్ప్రెసిఫ్ శాంపిళ్లలో స్విచ్ బోర్డే కోఆర్డినేటర్, కాబట్టి ముందు దానికి కరెంటు ఇవ్వండి. ఇప్పటికే జిగ్‌బీ బల్బులు, సెన్సర్లు ఉన్న చోట కలిసిపోవాలంటే ఇదే మార్గం. ఏమీ లేని చోట కొత్తగా మొదలుపెడుతుంటే నేను దీని జోలికి వెళ్లను. మ్యాటర్ (కంపెనీలకు అతీతమైన స్మార్ట్ హోమ్ ప్రమాణం) పరికరాలకు 802.15.4 మీద ఉన్న దారి థ్రెడ్, జిగ్‌బీ కాదు.

బోర్డు సంగతి

శాంపిల్ ఎంపికలో సగం బోర్డు ఎంపికే. మామూలు ఈఎస్‌పీ32లో వై-ఫై, బ్లూటూత్ ఉన్నాయి, 802.15.4 లేదు. కాబట్టి థ్రెడ్, జిగ్‌బీ దాని మీద కుదరవు. ఈఎస్‌పీ32-సీ6లో మూడూ ఉన్నాయి. ఈఎస్‌పీ32-హెచ్2లో వై-ఫై లేదు, మిగతా రెండూ ఉన్నాయి. ఈ పేర్లు ఒకేలా ఉండి కొనేటప్పుడు తికమక పెడతాయి, ఆర్డర్ పెట్టే ముందు చివరి అక్షరాలు రెండుసార్లు చదవండి.

ఎన్‌ఆర్‌ఎఫ్52840 డీకేలో 1 మెగాబైట్ ఫ్లాష్, 256 కిలోబైట్ల ర్యామ్, బోర్డు మీదే జే-లింక్ డీబగ్గర్ ఉన్నాయి. అదే చిప్‌తో వచ్చే డాంగుల్ చవక, చిన్నది, కానీ డీబగ్గర్ లేదు. యూఎస్‌బీ బూట్‌లోడర్ ద్వారా ఎక్కించాలి. కోడ్ మధ్యలో ఆగి చూసే వీలుండదు. నా సలహా: రెండు డీకేలు, రెండు డాంగుళ్లు. డీకేలు రెండు చివర్లా ఉంటాయి, ఒక డాంగుల్ నడుమ రిలేగా నిలబడుతుంది. ఇంకో డాంగుల్‌లో స్నిఫర్ ఫర్మ్‌వేర్ వేసి వైర్‌షార్క్‌కి (ప్యాకెట్లు విప్పి చూపే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి) తగిలించండి. నెట్‌వర్క్ కీని వైర్‌షార్క్‌కి ఇవ్వకపోతే తెర నిండా అర్థం కాని బైట్లే కనిపిస్తాయి.

ఎస్‌టీఎం32డబ్ల్యూబీ55 బోర్డు తీసుకుంటే ఒక సంగతి ముందే తెలియాలి. అందులో రెండు కోర్లు. మన కోడ్ ఒకదాంట్లో, వైర్‌లెస్ స్టాక్ మరోదాంట్లో. థ్రెడ్‌కి, జిగ్‌బీకి, బ్లూటూత్‌కి స్టాక్ ఫైళ్లు వేర్వేరు. బ్లూటూత్ స్టాక్ ఉన్న బోర్డులోకి థ్రెడ్ శాంపిల్ ఎక్కిస్తే కంపైల్ అవుతుంది, ఫ్లాష్ అవుతుంది, నడవదు. ప్రోటోకాల్ మార్చిన ప్రతిసారీ రెండో కోర్ స్టాక్‌ని కూడా మార్చాలి. రోజుకి రెండు ప్రోటోకాల్‌లు పోల్చి చూడాలనుకునేవాళ్లకి ఇది విసుగు. ఒకదాన్నే పట్టుకుని కూర్చునేవాళ్లకి ఒక్కసారి చేసే పనే. సిలికాన్ ల్యాబ్స్ బోర్డుల్లో మాత్రం నాకు అసూయ పుట్టించే సౌకర్యం ఒకటుంది: బోర్డే తన ప్యాకెట్లను గాలిలోంచి పట్టాల్సిన పని లేకుండా నేరుగా నెట్‌వర్క్ ఎనలైజర్‌కి పంపుతుంది.

నార్డిక్ బోర్డులతో వెళ్లేవాళ్లు పాఠం ఏ ఎస్‌డీకే మీద రాసిందో చూసుకోండి. పాత మెష్ పాఠాలు ఎన్‌ఆర్‌ఎఫ్5 ఎస్‌డీకే కాలంనాటివి, ఇప్పటివి జెఫిర్ మీద ఉన్నాయి. శాంపిల్ పేర్లు ఒకేలా వినిపిస్తాయి, లోపలి ఫంక్షన్లు వేరు. పోలిక కోసం కొలతలు తీసేటప్పుడు ఎస్‌డీకే వెర్షన్ నంబర్ కూడా పక్కనే రాసుకోండి.

ఎవరికి ఏది

ఏ ప్రాజెక్టూ ఇంకా ఖాయం కాలేదు, మెష్ అంటే ఏమిటో చేత్తో పట్టుకుని చూడాలనుకుంటే ఓపెన్‌థ్రెడ్ సీఎల్ఐ. ఫోన్‌తో లైట్లు, స్విచ్‌లు నడపాలి, ఇంటర్నెట్ అక్కర్లేదు అంటే బ్లూటూత్ మెష్ లైట్, స్విచ్ జంట. ప్లగ్‌లో పెట్టే పరికరాలు, ఎక్కువ డేటా, పక్కనే వై-ఫై రూటర్ ఉంటే ఈఎస్‌పీ-వై-ఫై-మెష్. పాత జిగ్‌బీ సామాను ఉంటే జిగ్‌బీ.

థ్రెడ్‌కీ బ్లూటూత్ మెష్‌కీ మధ్య ఊగిసలాడుతున్నవాళ్లకి ఎన్‌ఆర్‌ఎఫ్52840 రెండిటినీ నడుపుతుంది కాబట్టి, ఆ బోర్డులు తెచ్చుకుని నిర్ణయం వాయిదా వేయొచ్చు. మొదటిరోజు థ్రెడ్‌తో మ్యాక్‌ఫిల్టర్ పరీక్ష, రెండోరోజు బ్లూటూత్ మెష్‌తో టీటీఎల్ నడక. రెండిట్లోనూ నడిమి బోర్డుని పీకి, తిరిగి పెట్టి, మాట మళ్లీ అవతలికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. దండోరా పద్ధతిలో రిలే బూట్ అయితే చాలు, దారి వెతికే పని లేదు. థ్రెడ్ బోర్డు తిరిగి నెట్‌వర్క్‌లో చేరి, దారి పట్టుకోవాలి. మీ పరికరం ఆ కాసేపు ఆగగలదా లేదా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి.